ఐదు నీలం కొమ్ములు

"ఆ సూది పడ్డాక కడుపులు పోతే ఎవరే పూచీ?" అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద పాలు కూడా పొంగలేదు. మా అమ్మాయి వాకిట్లో కూర్చుని ఐస్ పెట్టె తుడుచుకుంటోంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి. తలెత్తకుండానే, "నేనే పూచీ" అంది.

"ఇరవై ఏళ్ళదానివి, నువ్వేం పూచీ ఉంటావే?"

"నా వయసెంతో మేకలకి తెలీదులే అమ్మా."

గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్న మా ఆయన నవ్వారు. "మీ అమ్మ పుట్టగానే కేర్ మనలేదట. 'అయ్యో' అందట" అన్నారు.

మా వాలు మీద ఉన్న ఆరిళ్ళవాళ్ళూ నన్ను 'అయ్యో వదిన' అనే అంటారు. మా మరిది పెట్టిన పేరది. మబ్బు పడితే వడగళ్ళంటాను, ఎండ కాస్తే కరువంటాను, మనిషి గంట ఆలస్యమైతే లోయలో పడ్డాడంటాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను మొదటి సగం దగ్గరే ఆగిపోతానని మా ఆయన వెక్కిరింపు.

కానీ ఆ ఏడు భయపడింది నేనొక్కదాన్నే కాదు. గట్టు అవతలి లోయలో మేకలకి పారుడు రోగం దిగింది. ముందు జ్వరం, తరవాత ముక్కు కారడం, నోట్లో పుళ్ళు, ఆఖరికి పారుకుని పారుకుని నిలువునా కూలిపోవడం. ఒక దొడ్డిలో ఒక్కదానికి వచ్చిందంటే వారంలో దొడ్డి ఊడ్చిపెట్టుకుపోతుంది. ఆవులకేమీ కాదు. మేకలూ గొర్రెలే దానికి మేత. మాకు రెండావులు, పదకొండు గొర్రెలు, ముప్ఫై నాలుగు మేకలు. మంచు కరిగాక ఆరిళ్ళ మందలూ కలిపి పై మేతకి తోలుకుపోతారు, చలి మొదలయ్యేదాకా అక్కడే. రోగం కలిసిన మందతో పైకెక్కితే ఇక దిగి వచ్చేవి గంటలే, మేకలు కాదు.

అందుకని పశువుల ఆస్పత్రి డాక్టరు గారు మా అమ్మాయిని పిలిపించారు. అది అక్కడ నలభై రోజులు నేర్చుకుని వచ్చింది. జారుడు దారుల్లో జీపు రాదు, ఆయన ఒక్కరే ఇన్ని ఇళ్ళెక్కలేరు. పెట్టె దాని భుజానికి తగిలించి, "ఈ ఆరిళ్ళూ నీవి అమ్మాయ్. మందుకి ఎండ తగిలిందా, నీళ్ళతో సమానం. అది గుర్తుంచుకో చాలు" అన్నారట. ఆ మాట అది మాకు పదిసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా మెడ కొంచెం నిటారుగా పెట్టేది.

దాని మాట వినాలనే ఉంది నాకు. కానీ ముందురోజు మా తోడికోడలు నీళ్ళ తొట్టి దగ్గర నా చెవిలో ఒక మాట వేసింది. "అక్కా, మా పుట్టింటి వైపు సూది వేసిన మర్నాడే ఒక సూడిమేక ఈసుకుపోయిందట. చచ్చిన పిల్లలు, రెండు." చెప్పి తన కడవ ఎత్తుకుని హాయిగా వెళ్ళిపోయింది. దానికేం, చెప్పేసింది, తేలికైపోయింది. బరువు నా నెత్తిన పడింది.

మాకు సూడివి ఐదు. చుక్కది, బొల్లిది, మొండికొమ్ముది, ఒక తల్లీ కూతుళ్ళు. నెలన్నరలో ఈనాలి. పొద్దున్నే వెళ్ళి వాటి పొట్టల మీద చెయ్యి పెడితే లోపల కదలిక తెలిసేది. ఆ కదలిక తెలిశాకే నాకు పాలు పిండబుద్ధేసేది.

మా ఇల్లు చివర పెట్టుకుంది అమ్మాయి. మిగతా ఐదిళ్ళూ తిరిగి, పొద్దు వాలుతుండగా వచ్చింది. మొహం దుమ్ము కొట్టుకుపోయి, చేతుల మీద కొమ్ముగీతలు. అంతకు అరగంట ముందే నేను ఆ ఐదింటినీ ఆవుల కొట్టంలోకి తోలేశాను. గడ్డిమోపుల వెనక కట్టేసి, అరవకుండా ముందర ఆకు పడేశాను. ఏం చేస్తున్నావని ఆవులు తలతిప్పి చూశాయి. "మీ పని మీరు చూసుకోండి" అన్నాను వాటితో.

గొర్రెలకి ముందు వేసేశాక, మేకల వంతుకి దొడ్డి తడిక దగ్గర నేను నిలబడ్డాను. ఒక్కొక్కదాన్నీ వదలడం, లెక్క చెప్పడం నా పని. మా ఆయన పట్టుకుంటారు. అమ్మాయి సూది వేసి, కుడికొమ్ముకి బ్రష్షుతో నీలం రంగు పూస్తుంది. నీలం కొమ్ము ఉంటే టీకా పడ్డట్టు. దూరం నుంచే తెలియాలని డాక్టరు గారు పెట్టిన గుర్తు.

"పదహారు" అన్నాను. "పదిహేడు." తరవాతి మేకని వదిలి "పంతొమ్మిది" అన్నాను.

ఎవరూ గమనించలేదు. అలా ఐదుచోట్ల దాటేశాను. చివరికి "ముప్ఫై నాలుగు" అన్నాను. మా అమ్మాయి పుస్తకంలో అదే రాసుకుంది. సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, "ఐదారింటికి సరిపడా మిగిలిందే" అంది.

"కొలత ఎప్పుడూ కాస్త ఎక్కువే పోస్తారేమోలే" అన్నాను.

"అవును, పోస్తారు" అని మిగిలిన మందు పద్ధతి ప్రకారం మరిగే నీళ్ళల్లో పోసేసింది. నా లెక్క తప్పవుతుందని దానికి అనుమానమే రాలేదు. ఏదొచ్చినా భయపడే మనిషి మోసం చేస్తుందని ఎవరనుకుంటారు?

మర్నాడు అది లెక్క చెప్పడానికి ఆస్పత్రికి వెళ్ళగానే రంగు డబ్బా తీశాను. బ్రష్షు తనతో తీసుకుపోయింది. చూపుడువేలు ముంచి ఐదు కొమ్ములకీ పూశాను. ఆ రంగు నా గోటిలో వారం రోజులుంది. బూడిదతో తోమాను, ఇసకతో తోమాను. "ఆ వేలికేమైందే?" అని మా ఆయన అంటే, "తలుపు సందున పడింది" అన్నాను.

*

తరవాత పదిహేను రోజులు నాకు నెమ్మది అన్నది లేదు. సూది పడ్డవాటిని చూసి భయం, పడనివాటిని చూసి భయం. కూర్చుంటే లేవాలి, లేస్తే దొడ్డికెళ్ళాలి, దొడ్డికెళితే లెక్కపెట్టాలి. సూది పడ్డవి ఒక పూట మందకొడిగా ఉండి మర్నాటికి ఎప్పట్లాగే నా కొంగు నమలడం మొదలుపెట్టాయి. ఆరిళ్ళలో ఎక్కడా ఏదీ ఈసుకుపోలేదు. తోడికోడలి ఇంట్లో సూదిపడ్డ సూడిమేక ఒకటి కవలల్ని ఈనింది కూడా.

"ఏం వదినా, సూది పడితే రెట్టింపు పుడుతున్నాయే! చూసుకో మరి!" అని మా మరిది కేకేశాడు తన వాకిట్లోంచి.

నేను నవ్వాను. ఇప్పుడైనా అమ్మాయికి చెబితే పోయేది. ఇంకో సీసా తెచ్చి వేసేది, రెండు తిట్లు తిట్టేది. చెబుదామని రోజూ అనుకున్నాను. రోజూ ఏదో పని వచ్చింది. పని రాకపోతే వెతుక్కున్నాను.

పదిహేనో రోజో పదహారో రోజో, దారినపోయే మంద ఒకటి మా తొట్టి దగ్గర ఆగింది. ఎవరివో, ఎక్కడివో. కాపరి దండం పెట్టి, "దాహంగా ఉన్నాయి తల్లీ" అన్నాడు. దాహమన్నాక కాదనేదేముంది? తాగి వెళ్ళాయి. వెళ్ళాక చూశాను, తొట్టి అంచున చీమిడి తీగలా వేలాడుతోంది. తొట్టి మొత్తం దొర్లించి కడిగాను, మా ఆయన నవ్వుతున్నా వినకుండా రెండుసార్లు కడిగాను. కానీ అప్పటికే మా మేకలు రెండు వాటి మధ్య దూరి తాగేశాయి. అందులో ఒకటి చుక్కది.

నాలుగు రోజులకి చుక్కది ఆకు ముట్టలేదు. ముక్కు కారుతోంది. కళ్ళ కింద వెంట్రుకలు తడిసి అట్టకట్టాయి. చెవి పట్టుకుంటే కాలిన పెనంలా ఉంది.

ఆకు కదిలినా అయ్యో అనేదాన్ని. ఆరోజు భయం నోటిదాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కొంగుతో దాని ముక్కు తుడిచాను. మళ్ళీ కారింది. మళ్ళీ తుడిచాను. మధ్యాహ్నానికి ఆ కొంగు దాచుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం మా ఆయన, "ఏమిటివాళ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది? ఆకాశం ఎక్కడా కూలడం లేదా?" అన్నారు.

"తలనొప్పి" అన్నాను. తేలు కుట్టిన దొంగకి అంతకన్నా మాటేం వస్తుంది?

మర్నాటికి బొల్లిది. ఆ మర్నాటికి తల్లీ కూతుళ్ళు, మొండికొమ్ముది. నేను దాచగలిగే స్థితి దాటిపోయింది. అమ్మాయే చూసింది. చుక్కదాని పెదవి తిప్పి చూసి, లోపల తెల్లటి పొరలు చూసింది. తరవాత కొమ్ము వైపు చూసింది. నీలం రంగు.

"నాన్నా" అని పిలిచింది. "డాక్టరు గారికి కబురు పెట్టు."

*

డాక్టరు గారు బక్కపల్చటి మనిషి. వస్తూనే చేతులు కడుక్కుంటారు, వెళుతూ కడుక్కుంటారు. ఐదింటినీ చూశారు. పళ్ళ చిగుళ్ళు, కళ్ళు, తోకల కింద. దూది పుల్లలతో ముక్కుల్లోంచి తడి తీసి గొట్టాల్లో పెట్టుకున్నారు.

"పరీక్షకి పంపుతాను గానీ, పారుడు రోగమే" అన్నారు. "కానీ నీలం కొమ్మున్నదానికి ఇది రాకూడదే అమ్మాయ్."

"వేశానండీ" అంది మా అమ్మాయి. "నా చేత్తోనే వేశాను."

"వేశావు. సందేహం లేదు. మందు బాగుందా అన్నదే సందేహం. నీ ఆఖరి ఇల్లేది?"

"ఇదేనండీ."

"ఐస్ గడ్డలు ఎలా ఉన్నాయి అప్పటికి?"

"సగం కరిగాయండీ. కానీ లోపల చల్లగానే ఉంది, చెయ్యి పెట్టి చూశాను."

"చెయ్యి థర్మామీటరు కాదు కదా" అన్నారాయన. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "చూడమ్మా, ఇవాళ ఐదు. మందు చచ్చిపోయి ఉంటే రేపు ముప్ఫై నాలుగు. ఆ రోజు నీ పెట్టెలోంచి వేసిన ఆరిళ్ళూ మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి. నా దగ్గరున్న మందు దిగువ ఊళ్ళకి. వాళ్ళకింకా ఒక్క చుక్క పడలేదు. వాళ్ళది ఆపి మీకు వెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ పైకెక్కకండి. అమ్మాయ్, ఎల్లుండి అందర్నీ తొట్టి దగ్గరికి రమ్మను. పెట్టె ఆ రోజు నాకిచ్చెయ్. ప్రస్తుతానికి."

ఆ 'ప్రస్తుతానికి' అన్నమాట ఆయన దాని మొహం చూశాక కలిపారు.

సాయంత్రానికి ఆరిళ్ళకీ తెలిసింది. మా తోడికోడలు వాకిట్లోకి రాలేదు, తడిక అవతలే నిలబడి అరిచింది. "అక్కా, మీ పిల్ల వాగు దగ్గర చెట్టు కింద కూర్చుని కాళ్ళు కడుక్కుంటుంటే నేను కళ్ళారా చూశాను ఆ రోజు. పెట్టె ఎండలో ఉందో నీడలో ఉందో ఎవరికి తెలుసు! మా కవలలకేమైనా అయితే నేనూరుకోను, ముందే చెబుతున్నా!"

ఆ మాట లోపల అమ్మాయి విన్నది. బయటికి రాలేదు. నాకు ఆ కేకకి జవాబు తెలుసు. లోకంలో నాకొక్కదానికే తెలుసు. "పొయ్యి మీద ఏదో మాడుతోంది" అని లోపలికొచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి కనిపించలేదు. నా గుండె ఎక్కడెక్కడికి పోయిందో చెప్పను. దొడ్డి వెనక బండ ఎక్కి చూస్తే కనబడింది. భుజాన పెట్టె. కింద మొదటి ఇంటి దగ్గర నిలబడి ఉంది. పెట్టె దించి, మూత తీసి, లోపల్నించి, డాక్టరు గారిని అడిగి ఉంచుకున్న థర్మామీటరు తీసి చూసి, పుస్తకంలో రాసుకుంది. మూత పెట్టింది. ఆ ఇంట్లో టీకాల రోజు ఎంతసేపు పట్టిందో అంతసేపూ అక్కడే నిలబడింది. తరవాత రెండో ఇంటికి నడిచింది.

ఆ రోజు నడిచిన దారంతా మళ్ళీ నడుస్తోంది. అదే వేళకి, అంతే ఐస్‌తో, అక్కడక్కడే ఆగుతూ. తన తప్పెక్కడుందో వెతుక్కుంటోంది.

నేను బండ మీదే ఉండిపోయాను. దిగడం, మళ్ళీ ఎక్కడం. జబ్బువాటికి గంజి తాగించి మళ్ళీ ఎక్కడం. మధ్యాహ్నం అది వాగు దగ్గర చెట్టు కింద కూర్చుంది. కాళ్ళు కూడా కడుక్కుంది, పిచ్చిది. అంత వివరంగా. పెట్టె నీడలోనే ఉంది. అంత దూరం నుంచి కూడా నాకు తెలుస్తోంది, నీడలోనే ఉంది.

పొద్దు వాలుతుండగా మా వాకిట్లోకి వచ్చి పెట్టె దించింది. మూత తీసి చూసింది. పుస్తకం నా ముందు పెట్టింది. నేను చదివింది ఐదో తరగతి. అంకెలు తెలుసు.

"ఎక్కడా వేడి ఎక్కలేదమ్మా" అంది. "అంతా చల్లగానే ఉంది. సరిగ్గానే ఉంది. మరెక్కడ పొరబాటు చేశానో తెలియడం లేదు." పుస్తకం మూసింది. "నా చెయ్యే మంచిది కాదేమో."

తన తల నా భుజానికి ఆనించింది. చిన్నప్పటి తరవాత ఎప్పుడూ ఆనించలేదు.

అప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. వీపు నిమురుతూ, "లేదు తల్లీ, లేదు" అన్నాను.

*

తొట్టి దగ్గర ఆరిళ్ళవాళ్ళూ మేకలు లేకుండా రావడం అదే మొదలు. మగవాళ్ళు బండల మీద, ఆడవాళ్ళు నిలబడి. పొద్దుటికే చుక్కది పోయింది, కూతురు మేక చచ్చిన పిల్లని ఈసుకుపోయింది. మా ఆయన గుంట తవ్వి, సున్నం పోసి పూడ్చి, ఆ చేతులతోనే వచ్చారు.

డాక్టరు గారు మొదలుపెట్టారు. మళ్ళీ టీకాలు ఎప్పుడు, ఎవరింట్లో ముందు, పైకెక్కడం ఎన్ని వారాలు వాయిదా. జనం గొణుగుతున్నారు. మేత ఎక్కడిదని ఒకరు. దిగువ ఊరివాళ్ళు మనల్ని తిడతారని ఒకరు. మా మరిది, "పసిపిల్ల చేతికి పెట్టె ఇస్తే ఇంతే మరి" అన్నాడు, నేలకేసి చూస్తూ.

మా అమ్మాయి భుజాన పట్టీ తీసి, పెట్టెని రెండు చేతులతో డాక్టరు గారి వైపు చాపింది. ఆయన చెయ్యి చాపారు.

"ఆ ఐదింటికీ సూది పడలేదండీ" అన్నాను.

గొంతు బాగా చిన్నగా వచ్చినట్టుంది. ఆయన, "ఏంటమ్మా?" అన్నారు.

"సూది పడలేదండీ. ఆవుల కొట్టంలో దాచాను. లెక్క నేను చెప్పాను, దొంగలెక్క. రంగు తరవాత వేలితో పూశాను."

మా ఆయన, "ఏం మాట్లాడుతున్నావు నువ్వు?" అన్నారు.

"సూడివి కదండీ. కడుపులు పోతాయేమోనని."

డాక్టరు గారు పెట్టె వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "జబ్బు పడ్డవి ఆ ఐదేనా?"

"ఆ ఐదేనండీ. మిగతా ఇరవై తొమ్మిదీ వాటితో కలిసే తాగాయి, కలిసే పడుకున్నాయి. ఒక్కదానికి కూడా తుమ్ము లేదు. మీరే వచ్చి చూడండి."

వచ్చి చూశారు. జనం అంతా వెనకే వచ్చి తడిక అవతల నిలబడ్డారు. జ్వరం ఒక్కదానికీ లేదు. మొండికొమ్ముదాని కొమ్ము మీద రంగులో నా వేలిముద్ర గీతలతో సహా ఎండి ఉంది. ఆయన దాన్ని బొటనవేలితో తడిమి, "కడుపుతో ఉన్నవాటికి ఈ మందుతో భయం లేదమ్మా. అడిగుంటే చెప్పేవాళ్ళం" అన్నారు. అంతే అన్నారు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంది మా తోడికోడలు. నన్నే చూస్తూ అంది గానీ, గొంతులో కారం లేదు. దాని మాట కూడా ఇందులో ఎక్కడో ఉందని దానికి తెలుసు.

నేను మా అమ్మాయినే చూస్తున్నాను. అది పెట్టె మళ్ళీ భుజానికి తగిలించుకుంది. పట్టీ సర్దుకుంది. నా పక్కనుంచే నడిచి, నన్ను తాకకుండా, ఇంట్లోకి వెళ్ళింది.

*

మా అమ్మాయి నాతో మాట ఆపేసింది. తిట్టలేదు, అరవలేదు. తిడుతుందని కాచుకున్నానే, ఆ రెండు తిట్లయినా తిట్టలేదు.

జబ్బువాటిని చూసే మనిషి మిగతా మందలోకి పోకూడదన్నారు డాక్టరు గారు. దాంతో నేను ఆవుల కొట్టం పక్క పాకలోకి మారాను. అక్కడికే గంజి, మందు, గోనెపట్టా. ఊదారంగు మందునీళ్ళతో వాటి నోళ్ళు కడగడం, పుళ్ళకి జిగురు మందు రాయడం, తోకల కింద శుభ్రం చెయ్యడం, సున్నం చల్లడం. బొల్లిది నాలుగో రోజు పోయింది. తల్లిమేక నా ఒళ్ళో తల పెట్టి పోయింది. కూతురు, మొండికొమ్ముది బతికాయి. మొండికొమ్ముది పిల్లని కూడా నిలుపుకుంది, మొండిది.

నాకు కావాల్సినవి మా అమ్మాయి వాకిలి మధ్యలో బండ మీద పెట్టి వెళ్ళేది. రొట్టె, పాలు, ఉతికిన బట్ట. వేడిగా ఉండేవి. మూత పెట్టి ఉండేవి. "ఎక్కడికే?" అంటే వీపు కనిపించేది.

"నాన్నా, ఆవిడకి మందు అయిపోయిందేమో కనుక్కో" అనేది నాకు వినబడేలా.

"ఆవిడ ఎవరే?" అనేవారు మా ఆయన.

మా ఆయన నా వైపు వచ్చి, "ఆవిడ గారూ, మందు అయిపోయిందా తమకి?" అని నవ్వించబోయేవారు. నాకు ఏడుపొచ్చేది. ఆయనకి నా మీద కోపం రెండు రోజులే. కోపం మోయడానికి కూడా ఓపిక ఉండాలి, నాకంత లేదు అనేవారు.

ఇరవై ఒకటో రోజున డాక్టరు గారు వచ్చి, ఇక జబ్బు లేదన్నారు. నేను ఇంట్లోకి మారాను. ఆలస్యంగానైనా మందలు పైకెక్కాయి. సూడివీ పిల్లలవీ కింద ఉండిపోయాయి. మా ఆయన మందతో వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ, మా అమ్మాయి. ఇద్దరి మధ్య ఆయన మోసే మాటలు కూడా లేవిప్పుడు. గిన్నె చప్పుడు, చీపురు చప్పుడు. అది బయటికెళితే నాకు లోయలు కనిపిస్తాయి, లోపల ఉంటే దాని వీపు కనిపిస్తుంది. కొన్నిసార్లు ఊరికే అడిగేదాన్ని. "వాన వస్తుందంటావా?" "ఆవు తక్కువిచ్చిందేం ఇవాళ?" గోడకి చెప్పినట్టే.

టీకాల రోజు మరీ పసివని వదిలేసిన మేకపిల్లలకి నాలుగు నెలలు నిండాయి. వాటికి టీకా పడాలి. పొద్దున్నే అది పెట్టె సర్దుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి, "ఎవరు పట్టుకుంటారే నీకు? మగవాళ్ళంతా పైనే ఉన్నారు కదా" అన్నాను. ఐస్ గడ్డలు వరసగా పేర్చుకుంది. థర్మామీటరు పెట్టుకుంది. నా పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది.

కాళ్ళు ఊరుకోలేదు. ఇంటికి గొళ్ళెం పెట్టి, ఇరవై అడుగుల వెనక నడిచాను. తెలుసు దానికి. వెనక్కి తిరగలేదు, వేగమూ పెంచలేదు.

మొదటిది తోడికోడలి దొడ్డి. నేను తడిక బయటే ఆగిపోయాను. లోపల మా తోడికోడలు ఒక పిల్లని చంకలో ఇరికించుకుని తిప్పలు పడుతోంది. పట్టుకోవడం దానికెప్పుడూ రాదు. ఆ పిల్ల తన్నిన తన్నుకి సిరంజి చేతిలోంచి ఎగిరి పెంటలో పడింది. మా అమ్మాయి దాన్ని పక్కనపడేసి ఇంకొకటి తీసింది. రెండో పిల్ల తోడికోడలి కొప్పు పట్టుకు లాగింది.

"ఇది నన్ను చంపేసేలా ఉంది" అంది తోడికోడలు రొప్పుతూ. నన్ను చూసింది. మా అమ్మాయిని చూసింది. "నా వల్ల కాదమ్మా. అదిగో, మీ అమ్మ ఊరికే నిలబడి ఉంది."

మా అమ్మాయి కొత్త దూది తీసుకుంది.

నేను తడిక మీద చెయ్యి వేశాను. లోపలికి నెట్టలేదు. "రానా?" అన్నాను.

అది సీసా మూతి దూదితో తుడిచింది. సూది గుచ్చి మందు లాగింది. వెలుతురుకి పట్టి గోటితో రెండుసార్లు కొట్టి, బుడగ పైకి రానిచ్చి, కొంచెం వదిలింది. ఒక పిల్ల వచ్చి దాని మోకాలు వాసన చూసి పోయింది. తోడికోడలు కొప్పు ముడేసుకుంటూ ఎటో చూస్తోంది. నా చెయ్యి తడిక మీద అలాగే ఉంది. నాతో మాట్లాడి ముప్ఫై మూడు రోజులు. దానికి గుర్తుందో లేదో, నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

"తడిక వేసి రా" అంది, సూది మీంచి చూపు తిప్పకుండా. "చంకలో పెట్టుకోకు, ఛాతీ కింద చెయ్యి వేసి నీకు ఆనించుకో. భయమేస్తే నాకు చెప్పు. నవ్వనులే."